పైకి ముడతా, కింది ముడతా? మా ఇంటి కంప్యూటర్ కథ



నేను గుంటూరులో ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. బీఎస్సీ కంప్యూటర్స్, ఫైనల్ ఇయర్. మాది మాచర్ల వైపు ఒక సుగాలి తండా. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనే మొదలు. ఈ పోస్టు కొంచెం పెద్దది. ఇందులో నా తప్పు ఒకటి ఉంది, పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. తీరిక ఉన్నప్పుడే చదవండి.

నా ఫస్టియర్ అయిపోయిన వేసవిలో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. కొత్తది కాదు. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన సిస్టమ్, గుంటూరులో సెకండ్ హ్యాండ్‌కి కొన్నాం. 7,500 రూపాయలు. ఆ డబ్బు మా యాడి మిరపకాయ కోతలకి వెళ్ళి దాచింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వంగిన నడుము ఎత్తకుండా కోస్తే వచ్చిన కూలి అది. రాత్రి చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. అందుకే ఆ సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడల్లా నాకు కాస్త భయంగానే ఉంటుంది, ఎక్కడ పాడు చేస్తానో అని.

సంక్రాంతి దాకా బాగానే నడిచింది. నేను హాస్టల్లో ఉంటే ఇంటర్ చదివే మా చెల్లి వాడుకునేది. సంక్రాంతి తర్వాత నుంచి ఫోన్లు మొదలు. "అన్నా, మళ్ళీ ఆగిపోయింది." "అన్నా, బ్లూ కలర్ వచ్చింది." "అన్నా, దానంతట అదే ఆన్ అయింది." నేను ఇక్కణ్నుంచి ఒకటే మాట చెప్పేవాణ్ణి: "స్విచ్ తీసి మళ్ళీ వెయ్." రెండు నెలలు ఆ ఒక్క మాటతోనే గడిపేశాను.

ఒకసారి మా నాన్న, చెల్లి దాన్ని దుప్పట్లో చుట్టి బండి మీద పెట్టుకుని టౌన్లో షాపుకి తీసుకెళ్ళారు. అక్కడ 500 తీసుకుని ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. చెల్లి నోట్స్ అన్నీ పోయాయి. వారానికి మళ్ళీ అదే జబ్బు. రెండోసారి వెళ్తే "బోర్డు పోయింది, 3,800 అవుద్ది" అన్నారు. నాన్న ఏమీ మాట్లాడకుండా మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని తెచ్చేశాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. తండాలో అందరూ "వాడు కంప్యూటర్ చదువుతున్నాడు" అంటారు. రెండేళ్ళు చదివాను గానీ సీపీయూ మూత ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. కాలేజీ ల్యాబ్‌లో మేం చేసేది ప్రోగ్రామ్ టైప్ చేయడం, అవుట్‌పుట్ రికార్డులో రాసుకోవడం. సిస్టమ్ ఆగిపోతే చెయ్యి ఎత్తుతాం, ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి చూస్తాడు. "నాకు రాదు" అని మా నాన్నతో ఎలా చెప్పాలి? సిగ్గేసి చెప్పలేదు. అసలు తప్పు అక్కడే మొదలైంది.

ఈ మేలో సెలవులకి ఇంటికి వెళ్ళాను. మా రెంటచింతల పక్క ఎండలు ఎలా ఉంటాయో వేడి వార్తలు చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మాది రేకుల ఇల్లు. సిస్టమ్ రోజుకి ఒకటి రెండు సార్లు ఆగిపోతూనే ఉంది. నేను మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తూనే ఉన్నాను. అలవాటైపోయింది.

జూన్‌లో మా పక్కింటి కాకా వచ్చాడు. వరసకి కాకా. వాళ్ళబ్బాయి ఇంటర్ పాసయ్యాడు, డిగ్రీకి ఆన్‌లైన్‌లో పెట్టాలి. మండలంలో నెట్ సెంటర్‌కి పోదాం అంటే నేనే ఆపాను. "ఎందుకు కాకా, వంద రూపాయలు, బస్సు చార్జీ దండగ. నేనున్నాగా, ఇంట్లో చేస్తా" అన్నాను. పెద్దమనిషిలాగా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

రేపు, ఎల్లుండి అనుకుంటూ చివరి రోజుకి తెచ్చాను. సాయంత్రం కూర్చున్నాం. సర్టిఫికెట్ల స్కాన్లన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. వివరాలు సగం నింపాక ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి. కాలేజీలు ఎంచుకునే దగ్గర బ్లూ స్క్రీన్. మళ్ళీ. మూడోసారి ఆగిపోయి ఇంక ఆన్ కాలేదు. ఫోన్లో చేద్దామంటే స్కాన్లు లేవు. మళ్ళీ ఫోటోలు తీసి, సైజు తగ్గించి, సిగ్నల్ కోసం ట్యాంకు దగ్గరికి పరిగెత్తి... అప్పటికి టైమ్ అయిపోయింది. కాకా అప్పటిదాకా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ఆయనకి అర్థమైంది. "సరేలే, పడుకోండి" అని వెళ్ళిపోయాడు.

రెండో విడతలో తమ్ముడికి సీటు వచ్చింది. కానీ తను కోరుకున్న కాలేజీలో సీట్లు అయిపోయాయి. వేరే ఊళ్ళో వచ్చింది. అక్కడ హాస్టల్లో చోటు దొరకలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే బస్సెక్కి పోయి వస్తున్నాడు. కాకా నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

ఆ మర్నాడు నేను సిస్టమ్ ముందు తల పట్టుకుని కూర్చుంటే నాన్న వచ్చి అడిగాడు: "అసలు దాని రోగం ఏంట్రా?"

"ఆగిపోతుంది నాన్నా."

"ఆగిపోవడం రోగం కాదురా. ఎట్లా ఆగిపోతుంది?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన మిరప తోట లెక్కలో చెప్పాడు. "తోటలో ఆకు ముడుచుకుందని షాపుకి పోయి చెప్తే ఏదో ఒక మందు చేతిలో పెడతాడు. ముడత ఒకటేనా? ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని, తిరగేసిన పడవలాగా ఉంటే నల్లి. తెల్లదోమ అంటించే వైరస్ అయితే ఇంక మందే లేదు, మొక్క పీకెయ్యాల్సిందే. మూడిటికీ ముడతే కనపడుద్ది. చూడకుండా మందు కొడితే డబ్బులు పోతాయి, పురుగు పోదు. నీ మిషన్ది పైకి ముడతా, కింది ముడతా?"

మా నాన్న మూడో తరగతి. 2021లో నల్ల తామర వచ్చి పూతలో దూరి తోటలన్నీ నాశనం చేసిన ఏడాది మేం కూడా కౌలు చేసి మునిగాం. అప్పుడు ఎవరేం చెప్తే ఆ మందు కొట్టి ఇంకా అప్పు పెంచుకున్నాం. ఆయన మాట ఆ దెబ్బలోంచి వచ్చింది.

ఆ రోజే చెల్లి ఒక పాత నోట్‌బుక్ తెచ్చింది. గీతలు కొట్టాం. ఎన్ని గంటలకి ఆగింది, ఎలా ఆగింది, అప్పుడు ఏం పని చేస్తున్నాం, బయట ఏం జరుగుతోంది. బాగు చేయడం మానేసి 11 రోజులు ఊరికే రాశాం. మొత్తం 19 సార్లు ఆగింది. రాసింది చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. అది ఒక్క జబ్బు కాదు, మూడు.

9 సార్లు: మధ్యాహ్నం పూట, ఆన్ చేసిన ఇరవై ముప్పై నిమిషాలకి దీపం ఆరినట్టు టక్కున ఆరిపోయింది. వెంటనే ఆన్ చేస్తే నిమిషంలో మళ్ళీ ఆరిపోతుంది. అరగంట వదిలేస్తే వస్తుంది.

6 సార్లు: ఆరిపోయి, దానంతట అదే మళ్ళీ స్టార్ట్ అయింది. ఎక్కువ పొద్దున, సాయంత్రం.

4 సార్లు: బ్లూ స్క్రీన్. వేళా పాళా లేదు. నాలుగింటిలో మూడుసార్లు కింద "మెమరీ మేనేజ్‌మెంట్" అని ఉంది. నాన్న ఏముందని అడిగితే చెల్లి "దీనికి మతిమరుపు వచ్చింది నాన్నా" అని చెప్పింది. తర్వాత చూస్తే అది సరదాగా అన్న మాట దాదాపు నిజమే.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. అందులో చూస్తే ఆగిన ప్రతిసారీ "కెర్నల్ పవర్ 41" అని ఉంది. అదే కారణం అనుకుని ఒక రోజంతా యూట్యూబ్ చూశాను. తీరా చూస్తే 41 అంటే "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆరిపోయాను" అని సిస్టమ్ చెప్పుకోవడం మాత్రమే. ఎందుకు ఆరిపోయిందో అది చెప్పదు. జ్వరం వచ్చిందని చెప్తుంది, ఏ జ్వరమో చెప్పదు.

మొదటిది వేడి అని అనుమానం వచ్చింది. ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్తే ప్రాసెసర్ వేడి ఎంతో చూపిస్తుంది. ఊరికే అలా ఉంచితేనే 80 దాటి 90కి పోతోంది. ప్రాసెసర్ హద్దు మీరి వేడెక్కితే కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది. అంటే ఆరిపోవడం దాని తప్పు కాదు, అది ప్రాణం కాపాడుకుంటోంది.

హాస్టల్లో ఒక సీనియర్ అన్నకి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని లోపల మిగిలిన కరెంటు పోనిచ్చి, అప్పుడు మూత విప్పాను. రెండేళ్ళ చదువులో మొదటిసారి. లోపల ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కలు ఉండాలి. కనపళ్ళేదు. తెల్లగా, మెత్తగా ఒక చిన్న పరుపు ఉంది. పత్తి!

అప్పుడు గుర్తొచ్చింది. తీసిన పత్తి రేటు కోసం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ గదిలోనే పోసి ఉంచాం. పక్కనే కంప్యూటర్. దాని ఫ్యాన్ రోజూ ఆ నూగు లాక్కుంటూనే ఉంది. సంక్రాంతి తర్వాతే జబ్బు ఎందుకు మొదలైందో అర్థమైంది.

నేను తెలివితక్కువగా నోటితో గట్టిగా ఊదాను. పత్తి మాత్రమే ఉందనుకున్నాను. కళ్ళంలో ఎండబెట్టిన కాయల దుమ్ము కూడా లోపలే ఉంది. ముఖం నిండా కారం. నేను తుమ్ములు, చెల్లి దగ్గులు, ఎదురింటి వాళ్ళు కూడా దగ్గుకుంటూ వచ్చి "ఏం తిరగమాత పెట్టార్రా" అన్నారు. కళ్ళు కడుక్కునేసరికి పావుగంట పట్టింది. నాన్న తైవాన్ పంపుతో గాలి కొట్టనా అన్నాడు. వద్దని దణ్ణం పెట్టాను.

బయట చెట్టు కింద పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కొత్త పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులిపాం. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. హీట్‌సింక్ తీస్తే కింద ఉండాల్సిన పేస్టు ఎండిపోయి సున్నం పెచ్చులా ఉంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, కొత్త థర్మల్ పేస్టు బియ్యపు గింజంత పెట్టి బిగించాను. బయోస్‌లో చూస్తే 56 దగ్గర ఆగింది. మధ్యాహ్నం రేకుల కింద రెండు గంటలు నడిచింది. చెల్లి చప్పట్లు కొట్టింది.

నాకు ఆగాలనిపించలేదు. ర్యామ్ కూడా పీకేద్దాం, వైర్లు మార్చేద్దాం అనుకున్నాను. నాన్న ఆపాడు. "ఒకేసారి నాలుగు మందులు కలిపి కొడితే ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. నాలుగు రోజులు మళ్ళీ నోట్‌బుక్ రాశాం. టక్కున ఆరిపోవడం సున్నా. మిగతా రెండూ అలాగే ఉన్నాయి.

రెండో జబ్బు కనిపెట్టింది మా యాడి. ఆమెకి చదువు రాదు, కంప్యూటర్ ముట్టుకోదు. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర్నుంచే అంది: "కారం మర మొదలైంది. ఇప్పుడు మీ మిషన్ ఆగుద్ది చూడు." ఆగింది. అది మళ్ళీ స్టార్ట్ అవుతుంటే నవ్వింది. "నాకెట్లా తెలుసంటావా? మర మొదలవగానే ఫ్యాను నీరసంగా తిరుగుద్ది. రోజూ చూస్తున్నా."

తండా చివర కారం పట్టే మర ఉంది. మాకూ దానికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఆవకాయల కాలం, ఏడాది కారం పట్టించుకునే కాలం కాబట్టి పొద్దున, సాయంత్రం ఆ మర ఆగకుండా తిరుగుతోంది. పెద్ద మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా నడిచేదానికన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ క్షణం లైన్లో వోల్టేజీ పడిపోతుంది. 250 పెట్టి మల్టీమీటర్ కొని ప్లగ్గులో పెట్టి చూశాను. 210 ఉన్నది మర మొదలవగానే 165కి పడింది. అంత పడితే మా పాత ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతోంది. పైగా మా ఎక్స్‌టెన్షన్ బాక్సులో ప్లగ్గు వదులై లోపల నల్లగా మాడింది. అది మార్చాం, ఆరింట్లో రెండు మూడు అక్కడే తగ్గాయి.

మిగిలిన దానికి యూపీఎస్ కావాలి. హాస్టల్ అన్న దగ్గర బ్యాటరీ చచ్చిపోయిన పాత యూపీఎస్ ఉంటే ఊరికే ఇచ్చాడు. దానికి 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ 950కి కొని వేశాను. వోల్టేజీ కొంచెం తగ్గితే అది సర్దుతుంది, మరీ పడితే బ్యాటరీ మీద నడుపుతుంది. కరెంటు పోయినా ఫైలు సేవ్ చేసుకుని ఆపడానికి పది నిమిషాలు దొరుకుతుంది.

ఇంకోటి. క్యాబినెట్ ముట్టుకుంటే ఎప్పుడూ జివ్వుమనేది. మామూలే అనుకునేవాళ్ళం. అది మామూలు కాదు, ఎర్తింగ్ లేకపోతే అలా ఉంటుంది. మన తండాల్లో చాలా ఇళ్ళకి మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది గానీ మూడో పిన్ను వెనక ఏమీ ఉండదు. కరెంటు పని తెలిసిన మామని పిలిచి, ఇంటి పక్కన గుంట తీసి, పాత జీఐ పైపు దింపి, ఉప్పు, బొగ్గు పోయించి వైరు లాగించాం. ఇప్పుడు ఎండాకాలం ఆ గుంటలో నీళ్ళు పోయడం చెల్లి డ్యూటీ. కంప్యూటర్ ఉన్నా లేకపోయినా దయచేసి ఇది మీ ఇంట్లో చూసుకోండి. ప్రాణాలకి సంబంధించింది.

మూడోది బ్లూ స్క్రీన్. లోపల రెండు ర్యామ్‌లు, ఒక్కోటి 2 జీబీ. తీసి, బంగారు రంగు పళ్ళని చెల్లి రబ్బరుతో రుద్ది, తుడిచి మళ్ళీ పెట్టాను. చాలాసార్లు దీంతోనే పోతుందంట. మాకు పోలేదు. అప్పుడు ఒక్కో ర్యామ్‌ని విడిగా ఒకే స్లాట్‌లో పెట్టి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపాను. మొదటిది పాసైంది. రెండోది తప్పులు చూపించింది. నాన్న చూసి "ఇది వైరస్ మొక్క, పీకెయ్" అన్నాడు. పీకేశాను. కొన్నాళ్ళు 2 జీబీతోనే నత్తలా నడిచింది, కానీ ఆగలేదు. తర్వాత గుంటూరులో పాత 4 జీబీ ర్యామ్ 450కి దొరికింది.

లెక్క చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పేస్టు 120, బ్రష్ 40, మల్టీమీటర్ 250, బ్యాటరీ 950, ర్యామ్ 450. మొత్తం 1,810. బోర్డుకి ఏమీ కాలేదు. ఇప్పటికీ అదే బోర్డు.

ఒక హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. అది తెలిసినవాళ్ళ పని.

అంతా అయ్యాక కాకా ఇంటికి వెళ్ళాను. "కాకా, ఆ రోజు మిషన్ మోసం చేయలేదు. అది ఆగిపోతుందని నాకు సంక్రాంతి నుంచే తెలుసు. తెలిసీ నీ పని దాని మీద పెట్టాను. నాకు బాగు చేయడం రాదని చెప్పుకోలేక ఊరుకున్నాను" అన్నాను. కాకా చాలాసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. చివరికి "రాదంటే రాదని చెప్పు బేటా. రాకపోతే నెట్ సెంటర్ ఉండనే ఉంది గదా" అన్నాడు. అంతే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనలో చాలామంది ఇంట్లో మొదట చదివేవాళ్ళం. తండా మొత్తం మనకి అన్నీ వచ్చనుకుంటుంది. ఆ నమ్మకం చూస్తే "రాదు" అనే మాట గొంతులోంచి రాదు. నాకు రాలేదు, దాని ఖర్చు ఇంకొకళ్ళ పిల్లాడు రోజూ బస్సులో కడుతున్నాడు. రానిది రాదని మొదటి రోజే చెప్పండి. ల్యాబ్ అసిస్టెంట్ సిస్టమ్ విప్పుతున్నప్పుడు పక్కన నిలబడండి, నేను ఇప్పుడు నిలబడుతున్నాను. మీ ఇంట్లో సమాధానం తెలిసినవాళ్ళు ఉండొచ్చు, వాళ్ళని అడగండి. మా ఇంట్లో సగం జబ్బు కనిపెట్టింది మూడో తరగతి చదివిన నాన్న, అసలు చదవని యాడి.

ఇప్పుడు మా ఇంట్లో అప్లికేషన్ పెట్టాలంటే మూడు రూల్స్. చివరి తేదీకి మూడు రోజుల ముందే అయిపోవాలి. స్కాన్లు కంప్యూటర్లో, ఫోన్లో, పెన్‌డ్రైవ్‌లో మూడు చోట్లా ఉండాలి. సాయంత్రం మర తిరిగే వేళ కూర్చోకూడదు. నోట్‌బుక్ మేకుకి వేలాడుతూనే ఉంది. పత్తి వేరే గదిలో పోస్తున్నాం.

మొన్న సెలవుకి వెళ్తే కాకా మళ్ళీ వచ్చాడు. తమ్ముడి స్కాలర్‌షిప్ కాగితాలు తెచ్చాడు. నేను "నెట్ సెంటర్‌లో చేయిద్దాం కాకా, నేనూ వస్తా" అన్నాను. "ఎందుకు, ఇక్కడే చెయ్" అని గుమ్మం దగ్గర కాకుండా నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్క్రీన్ మీద ఇంగ్లీషు ఆయనకి రాదు. అయినా కన్ను ఆర్పకుండా దాన్నే చూశాడు. సబ్మిట్ అయిందని నెంబరు వచ్చాక, అది కాగితం మీద రాసి చేతిలో పెట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు.